నాలుగు అరచేతులంత చోటు



మా మేనల్లుడు ఆ మధ్య హైదరాబాదులో ఒక కారు కొన్నాడు. రెండే సీట్ల కారు. మీట నొక్కితే పైకప్పు మడతపడి వెనక డిక్కీలోకి వెళ్లిపోతుంది. బీఎండబ్ల్యూ జెడ్4 అంటారు. 2012లో తయారైన బండి. వీడి చేతికి వచ్చేసరికే ఇద్దరు యజమానులను చూసింది. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బుతో పాతది కొని కోరిక తీర్చుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే దాన్ని మా ఇంటి ముందు ఆపి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఎలా ఉంది మావయ్యా?" అని అడిగాడు.

నేను ముప్పై ఏళ్ల పైచిలుకు ఆర్టీసీ గ్యారేజీలో టైర్ల పని చూసినవాణ్ని. ఎవరి బండి చూసినా నా చూపు ముందు కిందికే పోతుంది. వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, సెల్‌ఫోన్ లైటు వేసి పట్టుకోమన్నాను. "టైర్లకేం ఢోకా లేదు మావయ్యా. ఇంకా ముప్పావు వంతు రబ్బరుంది" అన్నాడు. నిజమే, గాళ్లు లోతుగానే ఉన్నాయి. కానీ రబ్బరు మీద గోరు పెట్టి నొక్కితే గోరు దిగలేదు. చెక్క మీద నొక్కినట్టుంది. గాళ్ల అడుగున వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు. టైరు పక్క భాగాన అచ్చువేసిన అంకెలు వెతికాను. చివరి నాలుగూ 1416.

ఈ నాలుగంకెలే ఇవాళ మీరు గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంగతి. ప్రతి టైరు పక్కనా డి.ఓ.టి. అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరస ఒకటి ఉంటుంది. ఆ వరసలో చివరి నాలుగంకెలు టైరు పుట్టినతేదీ. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 1416 అంటే 2016లో 14వ వారం, అంటే ఏప్రిల్ మొదట్లో తయారైందని. 2000 సంవత్సరం నుంచీ ఈ నాలుగంకెల పద్ధతి నడుస్తోంది. ఒక పక్క తేదీ కనబడకపోతే కంగారుపడకండి, టైరుకు రెండో పక్కన, కారు కింది వైపు ఉంటుంది. వంగి చూడాలి. మా వాడి వెనక టైర్లకు తొమ్మిదేళ్లు నిండాయి. ముందువి ఇంకో కంపెనీవి, 2019లో పుట్టినవి.

బస్సుల దగ్గర నేను చూసిన లోకం వేరు. బస్సు రోజూ వందల కిలోమీటర్లు తిరుగుతుంది. దాని టైరుకు ముసలితనం వచ్చే తీరికే ఉండదు, ముందే అరిగిపోతుంది. అరిగితే కొత్త రబ్బరు అతికించి మళ్లీ రోడ్డెక్కిస్తాం. స్పోర్ట్స్ కారు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అది వారానికి ఒక రోజు బయటికి వస్తుంది, మిగతా రోజులు గుడ్డ కప్పుకుని నిలబడుతుంది. దాని టైరు అరగదు, వయసు మీదపడి చచ్చిపోతుంది. చచ్చిన సంగతి పైకి తెలియదు. ఎంత రబ్బరు మిగిలిందో చూసి టైరును అంచనా వేయడం మనకందరికీ అలవాటు. పాత స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు ఆ అలవాటే మనల్ని మోసం చేస్తుంది.

వయసు వస్తే రబ్బరుకు ఏమవుతుంది? 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన పచ్చి రబ్బరును గంధకంతో కలిపి కాల్చితే అది ఎండకు కరగకుండా, చలికి పెళుసెక్కకుండా నిలుస్తుందని కనుక్కున్నాడు. రబ్బరు పోగులను గంధకం ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చాక కూడా ఆ ముళ్లు పడుతూనే ఉంటాయి. ఎండా, వేడీ, గాలిలోని ఆక్సిజనూ ఆ పనిని తొందర పెడతాయి. రబ్బరును మెత్తగా ఉంచే నూనెలు క్రమంగా తగ్గిపోతాయి. మెత్తగా ఉన్నంతకాలం రబ్బరు రోడ్డు మీది కంకర గరుకులోకి దిగి, దాన్ని కరుచుకుని పట్టుకుంటుంది. గట్టిపడితే ఆ గరుకు మీద జారుతుంది. మన ఎండల్లో తారు రోడ్డు అరవై డిగ్రీలు దాటి కాలుతుంది కాబట్టి మన దగ్గర ఈ ముసలితనం ఇంకా ముందే వస్తుంది. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకు టైర్లు మార్చమంటాయి. టైర్ల కంపెనీలు, పైకి ఎంత బాగా కనబడినా పదేళ్లు దాటితే వాడొద్దంటాయి. నా మాట అడిగితే, వేగంగా నడిపే కారుకు ఆరేళ్లే.

ఇప్పుడు అసలు టైరు ఎక్కడ పనిచేస్తుందో చూద్దాం. మా వాడి కారు బరువు సుమారు ఒకటిన్నర టన్ను. నాలుగు చక్రాలకూ పంచితే ఒక్కో చక్రం మీద 375 కిలోలు. పంక్చర్ షాపులో "32 పాయింట్లు పెట్టు" అంటామే, ఆ 32 పాయింట్ల గాలి ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు రెండుంపావు కిలోల బరువు మోస్తుంది. 375ను రెండుంపావుతో భాగించండి. దగ్గర దగ్గర 165 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. టైరు నేలను తాకే చోటు అంతే. వేళ్లు దగ్గరపెట్టి చాచిన మీ అరచెయ్యి ఎంత ఉంటుందో అంత. నాలుగు చక్రాలకూ కలిపి నాలుగు అరచేతులు. ఇంజన్ బలమంతా, బ్రేకుల బలమంతా, మలుపులో మనల్ని బయటికి నెట్టే బలమంతా ఆ నాలుగు అరచేతుల మీదుగానే రోడ్డుకు చేరాలి. కారులో ఎన్ని సదుపాయాలున్నా ఆ అరచేతులు పట్టు వదిలేస్తే ఏదీ అక్కరకు రాదు.

అందుకే, పాత స్పోర్ట్స్ కారు కొన్నవారు మొదటి డబ్బు టైర్ల మీద పెట్టండి. సైలెన్సరు మార్చడం, పాటల పెట్టె మార్చడం, రంగు వేయించడం, అన్నీ దాని తరవాతే.

పాత టైర్లు తీసేసే ముందు వాటిని ఒకసారి చదవండి. కారు అమ్మినవారు చెప్పని సంగతులు అవి చెబుతాయి. రెండు అంచులూ అరిగి నడుమ బాగుంటే, ఇన్నాళ్లూ గాలి తక్కువతో నడిపారని. నడుమ అరిగి అంచులు బాగుంటే, గాలి ఎక్కువైందని. లోపలి అంచు ఒక్కటే అరిగితే చక్రం వాలు గానీ, ముందు చక్రాలు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉండే కోణం గానీ తప్పిందని. చేత్తో తడిమితే రంపం పళ్లలా తగిలితే అలైన్‌మెంట్ చెడిందని. అక్కడక్కడా గుంటలు పడినట్టు అరిగితే షాక్‌అబ్జార్బర్లు అయిపోయాయని. టైరు పక్కన ఎక్కడైనా బుడిపె కనబడితే, అది గుంతలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగిపోయిన గుర్తు. ఆ టైరును ఆ రోజే తీసేయాలి. దానికి మరమ్మతు లేదు. ఈ కారణాలు సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే, అదే జబ్బు వాటినీ తినేస్తుంది. మా వాడి బండికి వెనక కుడి చక్రం లోపలి అంచు వంగి ఉంది. టైరు విప్పితే గానీ అది బయటపడలేదు. ఆ అలాయ్ చక్రం మార్పించాం.

ఇక కొత్త టైరు ఎంపిక. దగ్గర కాగితం ఉంటే రాసుకోండి. జెడ్4కు 18 అంగుళాల చక్రాలుంటే ముందు టైరు మీద ఇలా ఉంటుంది: 225, గీత, 40, ఆర్, 18. 225 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే టైరు పక్కగోడ ఎత్తు, వెడల్పులో నూటికి 40 వంతులు. అంటే 90 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 18 అంటే చక్రం అడ్డుకొలత, అంగుళాల్లో. వెనక టైరు వేరు: 255, గీత, 35, ఆర్, 18. ఇంజన్ బలం వెనక చక్రాలకే వెళుతుంది కాబట్టి అక్కడ వెడల్పు ఎక్కువ పెట్టారు. కానీ లెక్కవేసి చూడండి, ముందు టైరు మొత్తం ఎత్తు 637 మిల్లీమీటర్లు, వెనకది 636. కొలతలు వేరైనా ఎత్తు ఒకటే. ముందూ వెనకా కొలతలు ఇలా వేరైతే టైర్లను ముందుకూ వెనక్కూ మార్చుకోవడం కుదరదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

కొలత పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. చాలామంది వాటిని చూడరు. అంకె, టైరు మోయగల బరువుకు గుర్తు. 88 అంటే 560 కిలోలు, 92 అంటే 630, 94 అంటే 670. అక్షరం, ఆ బరువుతో టైరు తట్టుకోగల వేగం. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300. "మన రోడ్ల మీద 270లో ఎవరు పోతారు మావయ్యా? తక్కువ అక్షరం తీసుకుంటే డబ్బు మిగులుతుంది కదా" అన్నాడు వాడు. ఆ అక్షరం వేగం ఒక్కదాన్నే చెప్పదు. వేడికి ఎంత ఓర్చుకోగలదో, మలుపులో ఎంత గట్టిగా నిలబడగలదో కూడా అందులోనే ఉంది. కారు తయారుచేసినవారు చెప్పిన అక్షరం కన్నా, అంకె కన్నా తక్కువది ఎప్పుడూ తీసుకోవద్దు. ఎక్కువైతే ఇబ్బంది లేదు.

తరవాత మా వాడు మనసులో మాట బయటపెట్టాడు. 19 అంగుళాల చక్రాలు వేస్తే బండి ఇంకా అందంగా ఉంటుందట. అప్పుడు మళ్లీ కాగితం తీశాను. 19 అంగుళాల చక్రానికి ముందు టైరు 225, 35. పక్కగోడ 79 మిల్లీమీటర్లకు దిగుతుంది. అదే 17 అంగుళాల చక్రానికి 225, 45 వేస్తే పక్కగోడ 101 మిల్లీమీటర్లు. మొత్తం ఎత్తు దాదాపు అంతే. ఆ రెంటి మధ్య తేడా రెండు సెంటీమీటర్ల పైన. హైదరాబాదులో వాన వెలిసిన మర్నాడు, నీళ్లు నిండి లోతు తెలియని గుంతలో చక్రం పడినప్పుడు, అలాయ్ చక్రాన్నీ దాని వెనకనున్న మీ నడుమునూ కాపాడేది ఆ రెండు సెంటీమీటర్ల గాలి, రబ్బరే. పక్కగోడ పొట్టిదైతే స్టీరింగ్ తిప్పగానే బండి చురుగ్గా తిరుగుతుంది, అది నిజం. నున్నటి రోడ్డున్న దేశంలో ఆ చురుకుదనానికి విలువుంది. మన వీధుల్లో దానికి చెల్లించే మూల్యం వంగిన చక్రం, తెగిన టైరు. బ్రేకు భాగాలకు తగలకుండా పట్టేటట్లయితే ఒక అంగుళం తగ్గడమే మన రోడ్లకు తెలివైన పని. వాడి మనసు 19 మీద, నా మనసు 17 మీద. చివరికి ఉన్న 18 దగ్గరే ఆగాం.

వెడల్పు టైరు గురించి ఒక భ్రమ కూడా వదిలించుకోవాలి. టైరు వెడల్పైతే నేలను తాకే చోటు చాలా పెరుగుతుందనుకుంటారు. ఇందాక మనం వేసిన లెక్కలో బరువూ గాలీ తప్ప వెడల్పు ఎక్కడా రాలేదు, గమనించారా? వెడల్పు పెరిగితే ఆ అరచెయ్యి ఆకారం మారుతుంది. నిలువుగా ఉన్నది అడ్డంగా తిరుగుతుంది. మలుపుల్లో అది మేలు చేస్తుంది. నీళ్లున్న రోడ్డు మీద మాత్రం కీడే, ఎందుకంటే వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి. కంపెనీ ఇచ్చిన వెడల్పు ఎన్నో నెలలు పరీక్షించి కుదిర్చినది. దాన్ని దాటడంలో లాభం తక్కువ.

నీటి మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు నిలుద్దాం. మన తెలుగునాట వేగంగా పోయే కారుకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష వాన. 1960లలో అమెరికాలో నాసా వారు, తడిసిన రన్‌వే మీద విమానాలు ఎందుకు జారిపోతున్నాయో పరిశోధించారు. ఒక వేగం దాటితే టైరు నీటిని చీల్చలేక నీటి మీదికెక్కి తేలుతుందని, ఆ వేగం టైరులోని గాలి మీద ఆధారపడుతుందని తేల్చారు. వారి సూత్రాన్ని కారుకు అన్వయిస్తే, 32 పాయింట్ల గాలి ఉన్న నున్నటి టైరు నిలిచిన నీటి మీద గంటకు సుమారు 94 కిలోమీటర్ల దగ్గర తేలడం మొదలుపెడుతుంది. గాలి 24కు పడిపోతే 82 దగ్గరే. లోతైన గాళ్లుంటే నీటికి పోయే దారి దొరుకుతుంది, పట్టు ఇంకా పైవేగం దాకా నిలుస్తుంది. కొత్త టైరులో గాళ్ల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. గాళ్ల మధ్య చిన్న దిమ్మెలు కనబడతాయి. టైరు వాటి ఎత్తుకు అరిగిందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లు, అంటే టైరు ఆయుష్షు అయిపోయిందని. వేగంగా నడిపేవారు అక్కడిదాకా ఆగకండి. 3 మిల్లీమీటర్ల దగ్గరే, అదీ తొలకరికి ముందే, మార్చుకోండి.

ఇప్పుడు టైరు జాతి సంగతి. రేసు బండ్లకు వాడే టైరుకు దగ్గరగా ఉండే రకం ఒకటి దొరుకుతుంది. గాళ్లు తక్కువ, రబ్బరు జిగటగా ఉంటుంది. సెమీ స్లిక్ అంటారు. అది బాగా వేడెక్కితే గానీ తన పట్టు చూపించదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో చుట్లు కొట్టేవారికి అది సరైనది. పొద్దున్నే ఆఫీసుకు పోయి సాయంత్రం వానలో ఇంటికొచ్చే మనిషికి అది ప్రమాదం. మీలో కొందరు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం చూసే ఉంటారు. అంత వేగంగా పోయే ఆ విద్యుత్ బండ్ల టైర్లకు గాళ్లున్నాయి. ఎండకొకటి, వానకొకటి అని మార్చుకోవడం ఆ పందెంలో లేదు. రెంటికీ ఒకే టైరు. ఆ పందెం జరిగింది పరుగు కోసం కట్టిన ట్రాక్ మీద కాదు, ఊరి రోడ్డు మీద. పందెం బండికే ఊరి రోడ్డు మీద ఆ జాగ్రత్త అవసరమైనప్పుడు మనకు ఎంత అవసరమో ఆలోచించండి.

మనకు కావలసింది స్పోర్ట్స్ కార్ల కోసమే చేసిన రోడ్డు టైరు. వాటిని సమ్మర్ టైర్లు అంటారు. ఆ పేరు చూసి ఎండాకాలానికే అనుకోకండి. చలి, మంచు కురిసే దేశాల్లో పెట్టిన పేరది. వానలోనూ అవి గొప్పగా పట్టుకుంటాయి. ఏ కంపెనీది కొనాలని నేను చెప్పను, కానీ ఎలా పోల్చుకోవాలో చెబుతాను. యూరప్ అమ్మకానికి చేసిన టైరుకు ఒక చీటీ అతికించి ఉంటుంది. అందులో వాన గుర్తు పక్కన ఏ నుంచి ఈ దాకా ఒక అక్షరం. అది తడి రోడ్డు మీద బ్రేకు పట్టుకు మార్కు. ముందు దాన్ని చూడండి, ఏ ఉంటే మంచిది. అమెరికా పద్ధతిలో అయితే టైరు మీదే ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. 200, 300, 400 ఇలా. ఒక ప్రామాణిక టైరుకు 100 అని పెట్టుకుని దానితో పోల్చి ఇచ్చిన అంకె ఇది. అంకె చిన్నదైతే రబ్బరు మెత్తన, త్వరగా అరుగుతుంది. పెద్దదైతే ఎక్కువ కాలం వస్తుంది. ఈ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీయే ఇచ్చుకుంటుంది కాబట్టి ఒక కంపెనీ టైర్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే వాడుకోండి.

ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు నడిపే మా వాడికి యాభై వేల కిలోమీటర్లు వచ్చే టైరు ఎందుకు? సగం అరిగేసరికే దానికి ముసలితనం వస్తుంది. త్వరగా అరిగినా గట్టిగా పట్టుకునే మెత్తటి టైరే వాడికి లాభం. తక్కువ తిరిగే బండికి మన్నిక కాదు, పట్టు కొనుక్కోవాలి. ముప్పై ఏళ్లు మన్నికను లెక్కబెట్టిన నేను ఈ మాట అంటున్నానంటే, బండి మారితే లెక్క మారుతుందని అర్థం చేసుకోండి.

జెడ్4 లాంటి కార్లతో ఇంకో చిక్కు ఉంది. వాటిలో స్టెప్నీ ఉండదు. దాని బదులు రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. వాటి పక్కగోడ ఎంత గట్టిదంటే, గాలి మొత్తం పోయినా 80 కిలోమీటర్ల వేగం దాటకుండా మరో 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు. అదే గట్టిదనం వల్ల గతుకులు ఎముకలకు తగులుతాయి, గుంతల్లో చక్రం మీద దెబ్బ ఎక్కువ పడుతుంది. వాటిని తీసేసి మామూలు టైర్లు వేయవచ్చా? వేయవచ్చు. నాలుగూ ఒకేసారి వేయాలి, రెండు రకాలూ కలపకూడదు. గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు కారులో పనిచేస్తుండాలి. పంక్చర్ సామగ్రి, గాలి కొట్టే చిన్న పంపు ఎప్పుడూ బండిలో ఉండాలి. మా వాడు ఎక్కువగా తిరిగేది ఔటర్ రింగ్ రోడ్డు, విజయవాడ హైవే. ఆ దారి పొడుగునా టైరు షాపులున్నాయి, పిలిస్తే సాయం వస్తుంది. అందుకని మామూలు టైర్లకే ఒప్పుకున్నాను. వాడు రాత్రిళ్లు నల్లమల అడవి గుండా శ్రీశైలం ఘాటు ఎక్కి దిగేవాడైతే రన్‌ఫ్లాట్లు తీయనిచ్చేవాణ్ని కాదు. మీ దారిని బట్టి మీ జవాబు మీరే వెతుక్కోవాలి.

మన దేశంలో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. 2020 జూన్ నుంచి బయటి దేశాల టైర్ల దిగుమతికి కేంద్రం ఆంక్షలు పెట్టింది. అందుకని పాత విదేశీ స్పోర్ట్స్ కార్ల కొలతలు అన్నివేళలా దొరకవు. దుకాణంలో ఎక్కడో మిగిలిపోయిన పాత సరుకును కొత్తదిగా చూపించే అవకాశం అక్కడే ఉంది. డబ్బు ఇవ్వకముందే నాలుగు టైర్ల మీదా ఆ నాలుగంకెలు మీరే చదవండి. ఐఎస్ఐ గుర్తు చూడండి. తిరుపతి జిల్లా చినపాండూరులో, సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో పెద్ద టైర్ల కర్మాగారాలే ఉన్నాయి. మన దగ్గర తయారయ్యే వాటిలో మీ కొలత దొరికితే, నిన్నమొన్న పుట్టిన ఆ టైరు, నాలుగేళ్లు గోదాములో ఉన్న పేరున్న టైరు కన్నా మేలు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. కొన్ని టైర్ల మీద బయటి వైపు, లోపలి వైపు అని రాసి ఉంటుంది. కొన్నిటి మీద తిరిగే దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది. తిరగేసి బిగిస్తే టైరు తన పని చేయలేదు. వాల్వులు కొత్తవి వేయించండి. బాలెన్సింగ్, అలైన్‌మెంట్ ఆ రోజే చేయించండి. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలో ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి, వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే ఒక పాయింటు పెరుగుతుంది. నైట్రోజన్ పట్టించారా లేదా అన్నది పెద్ద విషయం కాదు, మనం పీల్చే గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్. నెలకు రెండుసార్లు గాలి చూసుకోవడమే పెద్ద విషయం. ఏ కారుకైనా రెండే కొత్త టైర్లు వేయగలిగితే వెనక వేయించండి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే సర్దుకుంటుంది. వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని పట్టుకోవడం అందరివల్లా కాదు. కొత్త టైరు పైన అచ్చులోంచి వచ్చిన నునుపు ఉంటుంది. మొదటి మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే అది పోయి అసలు రబ్బరు బయటపడుతుంది.

ఈ ప్రసంగం అమెరికాలోనో, కెనడాలోనో, జర్మనీలోనో వింటున్న మన పిల్లలకు ఒక్క మాట. అక్కడ పాత స్పోర్ట్స్ కార్లు మనకన్నా చవకగా దొరుకుతాయి. నేను ఇందాక పొగిడిన సమ్మర్ టైరు, ఏడు డిగ్రీల కన్నా చలి పెరిగితే గట్టిపడి పట్టు వదులుతుంది. గడ్డకట్టే చలిలో నడిపితే రబ్బరు పగలవచ్చు కూడా. చలికాలానికి వేరే టైర్ల జత పెట్టుకోండి. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు చూసి కొనండి. జర్మనీలో మంచు పట్టిన రోడ్డు మీద అలాంటి టైర్లు లేకుండా నడపడం చట్టానికే విరుద్ధం.

మా వాడి సంగతి ముగించి సెలవు తీసుకుంటాను. నాలుగు కొత్త టైర్లు బిగించాక, షాపులో కుర్రాడు పాత వెనక టైర్లు చూపించి, "వీటికి మంచి ధర వస్తుందండీ, ఇంకా గాళ్లున్నాయి కదా" అన్నాడు. మా వాడు నా వైపు చూశాడు. వాటిని కొనేది ఎవరో, ఏ వానలో ఎవరిని ఎక్కించుకుని నడుపుతారో మనకు తెలియదు. నేనేమీ అనకముందే వాడు కత్తి అడిగి తీసుకుని, రెండు టైర్ల పక్కగోడలూ అడ్డంగా కోసేశాడు. ఇక అవి ఎవరి చక్రానికీ ఎక్కవు. ఆ తరవాత ఒక చిన్న కాగితం మీద కొత్త టైర్ల పుట్టినతేదీ, వేయించిన తేదీ, పెట్టిన గాలి రాసి కారు పుస్తకంలో పెట్టాడు. "ఎవరికోసంరా?" అని అడిగాను. "ఎప్పుడో ఒకప్పుడు నేనూ అమ్ముతాను కదా మావయ్యా. కొనేవాళ్లకు తెలియాలి" అన్నాడు.